మింగడం వేరు, అరిగించుకోవడం వేరు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు నర్సింగ్ మూడో సంవత్సరంలో ఉన్నారు. మీ వార్డులో హెచ్‌ఐవీ ఉన్న ఒక రోగికి క్రిప్టోకోకల్ మెనింజైటిస్, అంటే క్రిప్టోకోకస్ అనే ఫంగస్ వల్ల మెదడు పొరలకు వచ్చే వాపు, వచ్చింది. రౌండ్లకు వచ్చిన డాక్టరుగారు "ఈ ఫంగస్ మాక్రోఫేజ్ లోపల కూర్చునే మెదడుకు చేరుతుంది" అన్నారు. మాక్రోఫేజ్ అంటే సూక్ష్మజీవులను మింగి చంపే కణమని మీ పుస్తకం చెబుతోంది. మింగిన తర్వాత కూడా ఆ ఫంగస్ బతికి ఉండడం ఎలా? అసలు ఫంగస్‌లు మన రక్షక కణాల చేతికి చిక్కకుండా ఎలా తిరుగుతాయి? చివర్లో ఇంకో మాట కూడా అడిగారు: ఆ రోగికి సేవ చేసిన మీకు అది అంటుకుంటుందా అని.

ఆఖరి దానికి జవాబు ముందే చెప్పేస్తాను, లేకపోతే మిగతాది మీరు మనసు పెట్టి చదవలేరు. అంటుకోదు. ఎందుకో తర్వాత చెబుతాను.

అసలు ప్రశ్నకు సూటి జవాబు: మాక్రోఫేజ్‌కు ఫంగస్‌ను మింగడం వచ్చు. మింగినదాన్ని పూర్తిగా అరిగించుకునే శక్తి మాత్రం సీడీ4 కణాలు (మిగతా రక్షక కణాలకు కబుర్లు పంపే ఒక రకం తెల్లకణాలు) అందిస్తేనే వస్తుంది. హెచ్‌ఐవీ నాశనం చేసేది ఆ సీడీ4 కణాలనే. అవి తగ్గిపోయాక మాక్రోఫేజ్ పొట్ట ఫంగస్‌కు సత్రంలా తయారవుతుంది. తిండి ఉంటుంది, నీడ ఉంటుంది, బయట తిరిగే మందుల తాకిడి తక్కువ, పైగా ఊరంతా తిప్పే వాహనం కూడా అదే.

పసిపిల్లలకు పాలు పట్టాక పొట్ట నిమురుతూ మన అమ్మమ్మలు "జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం" అంటారు గదా, మా విద్యార్థులకు ఫంగస్ పాఠం ఆ కథతోనే మొదలుపెడతాను. ఇల్వలుడు తమ్ముణ్ని మేకగా మార్చి, కోసి, వండి అతిథికి వడ్డిస్తాడు. అతిథి చేయి కడుక్కోగానే "వాతాపీ, రా" అని పిలుస్తాడు. వాడు పొట్ట చీల్చుకుని వస్తాడు. అగస్త్యుడి దగ్గర మాత్రం ఆ పప్పులు ఉడకలేదు. మన ఒంట్లో మాక్రోఫేజ్‌లన్నీ అతిథులే. వాటిలో అగస్త్యుడు కాగలిగినది ఏదన్నది సీడీ4 కణాలు పంపే ఇంటర్‌ఫెరాన్ గామా అనే కబురు మీద ఆధారపడి ఉంటుంది. ఆ కబురు అందిన మాక్రోఫేజ్ లోపల విషవాయువులు తయారుచేస్తుంది, ఇనుమునూ రాగినీ తనకు కావలసినట్టు సర్దుకుంటుంది, మింగినదాన్ని ముక్కలు చేస్తుంది. కబురు అందనిది మింగి ఊరుకుంటుంది.

నేను ఒక బోధనాసుపత్రి మైక్రోబయాలజీ విభాగంలో ఇరవై రెండేళ్లుగా ఉన్నాను. అందులో ఎక్కువ కాలం ఫంగస్ బల్ల నాదే. కాబట్టి కంటితో చూసిన దాంతో మొదలుపెడతాను, అక్కడి నుంచి కంటికి కనబడని దానికి వెళదాం.

మీ రోగి వెన్నునీరు మా దగ్గరకు వచ్చాక జరిగేది ఇది. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున తేరుకున్న దాంట్లోంచి ఒక చుక్క గాజు పలక మీద వేస్తాం. పక్కనే ఇండియా ఇంకు చుక్క. రెండూ కలిపి కవర్ స్లిప్ మూస్తాం. ఇంకు మరీ చిక్కనైతే వెలుతురే రాదు. పలక కింద వార్తాపత్రిక పెడితే అక్షరాలు కనబడాలి, అంత పలుచగా ఉండాలి అని మా గురువుగారు చెప్పిన కొలతనే నేటికీ పాటిస్తాను. ఇప్పుడు సూక్ష్మదర్శినిలో చూడండి. అంతా నల్లటి పొడి తేలుతున్న చీకటి. ఆ చీకట్లో అక్కడక్కడ గుండ్రటి తెల్లటి ఖాళీలు, ప్రతి ఖాళీ నడుమ మెరిసే ఒక ఈస్టు కణం, అంటే ఒంటికణం రూపంలో ఉన్న ఆ ఫంగస్. చందమామ చుట్టూ వరదగుడి కట్టినట్టే ఉంటుంది. కొన్ని కణాలకు సన్నటి మెడతో పిల్లమొగ్గ వేలాడుతూ కనబడుతుంది.

ఆ వరదగుడి ఏమిటి? ఇంకు రేణువులు కణం దాకా చేరకుండా ఏదో అడ్డుపడుతోంది. చక్కెర గొలుసులతో అల్లిన జిగురు తొడుగు అది. దాన్నే క్యాప్స్యూల్ అంటాం. దాదాపు నీరే కాబట్టి మామూలు రంగులతో సరిగ్గా కనబడదు, ఇంకు వేస్తేనే దాని హద్దు తెలుస్తుంది. ఇంకు రేణువును ఆపినట్టే ఆ తొడుగు మాక్రోఫేజ్ చేతులనూ ఆపుతుంది. ఫంగస్ గోడ మీద బీటా గ్లూకాన్ అనే పదార్థం ఉంటుంది. మన ఒంట్లో ఆ పదార్థం తయారుకాదు. అందుకే దాన్ని తాకగానే "ఇది బయటిది" అని పట్టేసే గ్రాహకాలు మన కణాల మీద ఉన్నాయి. వాటిలో డెక్టిన్-1 ముఖ్యమైనది. క్రిప్టోకోకస్ ఆ గోడనంతా జిగురు కింద కప్పేస్తుంది. మట్టిలోనూ ప్రయోగశాల పళ్లెంలోనూ ఈ తొడుగు పలుచగానే ఉంటుంది. ఊపిరితిత్తుల్లోకి వచ్చి, అక్కడి వెచ్చదనం, కార్బన్ డయాక్సైడ్, ఇనుము కొరత తగిలాక దళసరి అవుతుంది. చాలాసార్లు కణం కంటే తొడుగే వెడల్పు.

ఈ తొడుగు కణాన్ని అంటిపెట్టుకుని ఊరుకోదు. ఊడిపోయి రక్తంలోనూ వెన్నునీటిలోనూ కలుస్తూ ఉంటుంది. అలా కలిసిన జిగురు తెల్లకణాలను ఆ చోటికి రాకుండా మందగింపజేస్తుంది. దీని ఫలితం మా బల్ల మీద ఎన్నోసార్లు చూశాను. ఎయిడ్స్ ముదిరిన రోగి వెన్నునీటిలో తెల్లకణాల లెక్క చూస్తే రెండో మూడో ఉంటాయి, అంటే దాదాపు ఆరోగ్యవంతుడి లెక్క. అదే చుక్కలో ఈస్టులు మాత్రం సంతలో జనంలా ఉంటాయి. ఊరు తగలబడుతుంటే కావలివాళ్లకు పొగ వాసన కూడా తగలలేదన్నమాట. కొత్తగా వచ్చిన పీజీ విద్యార్థులకు ఈ స్లయిడు చూపించి, "తప్పించుకోవడం అంటే ఇది" అంటాను. అంతకంటే పెద్ద పాఠం అక్కర్లేదు.

దీనికి తిరగేసిన అనుభవం కూడా ఒకటుంది. చాలా ఏళ్ల కిందట ఒక చిన్న ఆసుపత్రి నుంచి రోగిని మా దగ్గరకు పంపారు. వెంట వచ్చిన కాగితంలో వెన్నునీటిలో లింఫోసైట్లు (ఒక రకం తెల్లకణాలు) ఎక్కువగా ఉన్నాయని, టీబీ మెనింజైటిస్ కావచ్చని రాసి ఉంది. టీబీ మందులతో పాటు స్టెరాయిడ్లూ మొదలైపోయాయి. మేం కొత్త నమూనా తీసి ఇంకు వేశాం. లింఫోసైట్లుగా లెక్కపెట్టినవన్నీ ఈస్టులే. గుండ్రంగా ఉంటాయి, సైజులోనూ దగ్గరగా ఉంటాయి, హడావిడిలో ఎవరైనా పొరబడతారు, నేనూ పొరబడేవాణ్నే. కానీ ఆ పొరపాటు ఖరీదు పెద్దది. టీబీ మెనింజైటిస్‌లో స్టెరాయిడ్లు మేలు చేస్తాయి. హెచ్‌ఐవీతో వచ్చే క్రిప్టోకోకల్ మెనింజైటిస్‌లో అవి కీడు చేస్తాయని 2016లో వెలువడిన పెద్ద పరిశోధన తేల్చింది. కీడు కనబడడంతో దాన్ని మధ్యలోనే ఆపేశారు కూడా. అసలే సొమ్మసిల్లిన కావలివాడికి మత్తుమందు పోసినట్టు అవుతుంది.

సరే, ఇప్పుడు మీరు అడిగిన అసలు చోటికి వద్దాం. తొడుగు ఉన్నా కొన్ని ఈస్టులను మాక్రోఫేజ్‌లు మింగుతాయి. రక్తంలో తిరిగే రక్షక ప్రోటీన్లు, అంటే కాంప్లిమెంట్, యాంటీబాడీలు, దానికి అంటుకుంటే పట్టు దొరుకుతుంది మరి. మింగిన తర్వాత ఏమవుతుంది?

మాక్రోఫేజ్ తన పొట్టలోని సంచిని ఆమ్లంతో నింపుతుంది. చాలా బాక్టీరియాలకు అక్కడితో కథ ముగుస్తుంది. క్రిప్టోకోకస్‌కు ఆమ్లం అంటే భయం లేదు, ఆమ్లంలో హాయిగా పెరుగుతుంది. చాలదన్నట్టు యూరియేజ్ అనే ఎంజైముతో యూరియాను విరగ్గొట్టి అమ్మోనియా చేస్తుంది, దాంతో చుట్టూ ఉన్న ఆమ్లం ఘాటు తగ్గుతుంది. మా ల్యాబులో ఈ ఫంగస్‌ను గుర్తుపట్టే పరీక్షల్లో ఒకటి ఇదే: ఫంగస్‌ను పెంచడానికి వాడే, యూరియా కలిపిన పసుపుపచ్చ మాధ్యమం గులాబీ రంగుకు తిరుగుతుంది. మనం గుర్తుపట్టడానికి వాడే గుణం దానికి బతకడానికి పనికొచ్చే గుణం.

ఆమ్లం తర్వాత మాక్రోఫేజ్ వేసే రెండో అస్త్రం ఆక్సిజన్ నుంచి పుట్టే విషాలు. దానికి క్రిప్టోకోకస్ జవాబు మెలనిన్, మన చర్మానికీ జుట్టుకూ రంగునిచ్చే జాతి పదార్థమే. కణం గోడలో దాన్ని పరుచుకుంటే ఆ విషాలు అందులోనే ఇంకిపోతాయి. మెలనిన్ చేయడానికి దానికి డోపమిన్ లాంటి ముడిసరుకు కావాలి, అది మెదడులో పుష్కలం. ఈ ఫంగస్‌కు మెదడంటే ఎందుకంత ఇష్టమో చెప్పే కారణాల్లో ఇది ఒకటని చాలామంది భావిస్తారు. ఒక్కటే కారణమని నేను అనను. ఈ మెలనిన్‌ను మేం చూసే పద్ధతి మీకు నచ్చుతుంది. వలిసెలు తెలుసా? అరకు లోయలో చలికాలం మొదట్లో కొండవాలంతా పసుపు పరిచినట్టు పూస్తాయి, ఆ పూలముందు నిలబడి అందరూ ఫొటోలు దిగుతారు. వాటి గింజలనే వెర్రినువ్వులు అని కూడా అంటారు. ఆ గింజలు నూరి ఉడికించిన రసంతో మాధ్యమం చేసి ఈ ఫంగస్‌ను పెంచితే, తెల్లగా రావలసిన కాలనీలు ముదురు గోధుమ రంగులో వస్తాయి. క్యాండిడా అనే ఇంకో మామూలు ఈస్టు అదే పళ్లెంలో తెల్లగానే ఉంటుంది.

అస్త్రాలు రెండూ వమ్మయ్యాక ఈస్టు లోపలే మొగ్గలు తొడుగుతూ పెరుగుతుంది. కొన్నిసార్లు మాక్రోఫేజ్ నిండిపోయి పగులుతుంది. కొన్నిసార్లు ఇంకా విచిత్రం జరుగుతుంది. మాక్రోఫేజ్ ఈస్టును బతికుండగానే బయటికి కక్కేస్తుంది. కక్కినదీ బతికే ఉంటుంది, కక్కబడినదీ బతికే ఉంటుంది, ఎవరి దారిన వాళ్లు పోతారు. 2006లో రెండు పరిశోధక బృందాలు దీన్ని వీడియోల్లో పట్టుకున్నాయి. వామోసైటోసిస్ అని పేరు, వాంతి అని అర్థమొచ్చే ఆంగ్ల మాట నుంచి పుట్టింది. వాతాపి అన్నా పొట్ట చీల్చాడు, ఇది మర్యాదగా వచ్చిన దారినే వెళుతుంది. పొట్ట చీలితే కణంలోని సరుకు బయటపడి చుట్టుపక్కల కణాలన్నీ మేలుకుంటాయి. కక్కించుకుంటే ఆ గోల ఉండదు.

ఇక మీ డాక్టరుగారి మాట. రక్తానికీ మెదడుకూ నడుమ ఉండే గోడను దాటడానికి క్రిప్టోకోకస్‌కు కనీసం మూడు దారులు ఉన్నాయని ఇప్పుడు అనుకుంటున్నారు. గోడ కణాల మీదుగా నేరుగా దూసుకుపోవడం ఒకటి, కణాల మధ్య సందుల్ని వదులు చేసి దూరడం రెండోది, మాక్రోఫేజ్ లేదా మోనోసైట్ (రక్తంలో తిరిగే దాని తొలిరూపం) పొట్టలో కూర్చుని సవారీ చేయడం మూడోది. మీరు విన్నది మూడోదాని గురించి. ఫంగస్ నింపిన మోనోసైట్లను ఎలుకలకు ఎక్కించి చూసినప్పుడు మెదడులో ఇన్ఫెక్షన్ ఎక్కువైంది, అది బలమైన సాక్ష్యం. అయితే మీ రోగి విషయంలో ఫలానా దారినే వచ్చిందని ఎవరూ చెప్పలేరు. మూడూ ఒకేసారి నడిచి ఉండవచ్చు.

ఇంకో ఎత్తు కూడా ఉంది. ఊపిరితిత్తుల్లో కొన్ని ఈస్టులు మామూలు అయిదారు మైక్రాన్ల నుంచి ఉబ్బి, తొడుగుతో కలిపి వంద మైక్రాన్ల దాకా పెరుగుతాయి. టైటాన్ కణాలంటారు. మాక్రోఫేజ్ ఉండేదే ఇరవై మైక్రాన్లకు అటూ ఇటూ. దాని నోట్లో ఇది పట్టదు.

ఇన్ని విద్యలు దీనికి ఎవరు నేర్పారు? మనం కాదు. క్రిప్టోకోకస్‌కు మనిషి అవసరం లేదు. దాని ఇల్లు మట్టి, కుళ్లిన చెట్టు మాను, పావురాల రెట్ట. మనిషి ఒంట్లోకి వచ్చినది సాధారణంగా ఇంకొకరికి పోలేదు కాబట్టి, దాని లెక్కలో మనం ముందుకు పోని మూసిన దారి. మరి మాక్రోఫేజ్‌ను తట్టుకోవడం ఎలా వచ్చింది? మట్టిలో అమీబాలు ఉంటాయి. అవీ తిరుగుతూ, చేతులు చాస్తూ, దొరికినదాన్ని మింగి ఆమ్లంలో అరిగించుకునే జీవులే. ఫంగస్ పరిశోధకుడు ఆర్టురో కాసడేవాల్ బృందం 2001లో ప్రచురించిన పనిలో, క్రిప్టోకోకస్ అమీబా లోపల ప్రవర్తించే తీరు మాక్రోఫేజ్ లోపలి తీరుకు చాలా దగ్గరగా ఉందని చూపింది. కోట్ల ఏళ్లుగా అమీబాల మధ్య బతికి బట్టకట్టినదానికి మన మాక్రోఫేజ్ కొత్త శత్రువుగా కనబడదు. పుస్తకాలు "తప్పించుకునే వ్యూహం" అని రాస్తుంటే నాకు కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. వ్యూహం అంటే మనల్ని చూసి పన్నింది అనిపిస్తుంది. ఇది పాత అలవాటు, మన ఒంట్లో అక్కరకు వచ్చింది.

మిగతా ఫంగస్‌ల గురించీ అడిగారు కాబట్టి నాకు ఎక్కువగా తగిలే నాలుగింటిని చెబుతాను.

క్యాండిడా అల్బికాన్స్ అచ్చంగా వాతాపే. ఇది మన నోట్లో, పేగుల్లో మామూలుగానే ఉంటుంది. గోడ పైపొర మన్నాన్ అనే చక్కెర గొలుసు, దాని కింద బీటా గ్లూకాన్ దాక్కుని ఉంటుంది. అదీ ముసుగే. మాక్రోఫేజ్ మింగితే గుండ్రటి ఈస్టు కాస్తా పొడవాటి పోగుగా సాగి, లోపలి నుంచి పొడిచి బయటికి వస్తుంది. ఈ సాగుడు చూడాలంటే ప్రయోగశాలలో గొప్ప పరికరాలు అక్కర్లేదు. అర మిల్లీలీటరు సీరంలో రవ్వంత కాలనీ కలిపి 37 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు ఉంచితే చాలు, మొలకెత్తిన పెసల్లా తోకలు వస్తాయి. జెర్మ్ ట్యూబ్ పరీక్ష అని మీ ప్రాక్టికల్స్‌లో చూసే ఉంటారు. మీరు ఆ రోజు గాజు గొట్టంలో చూసింది మాక్రోఫేజ్ పొట్టలో జరిగేదానికి నకలు. పోగుగా మారిన క్యాండిడా క్యాండిడాలైసిన్ అనే చిన్న విషాన్ని కూడా విడుస్తుంది. 31 అమైనో ఆమ్లాల ముక్క, 2016లో బయటపడింది. కణాల పొరలకు చిల్లులు పెడుతుంది. దీనికి తోడు మాక్రోఫేజ్ ఇంట్లోని గ్లూకోజునంతా ఖాళీ చేసి, ఇల్లుగలవాణ్నే పస్తు పెడుతుంది. ఇక్కడ ఒక మంచి సంగతి చెప్పాలి. కాస్పోఫంగిన్ జాతి మందులు బీటా గ్లూకాన్ తయారీని దెబ్బకొడతాయి. గోడ చెదిరినప్పుడు అంతదాకా దాగి ఉన్న గ్లూకాన్ బయటపడి, మాక్రోఫేజ్‌లకు ఫంగస్ స్పష్టంగా కనబడడం మొదలవుతుంది. మందు తను కొట్టడమే గాక ముసుగు కూడా లాగేస్తుంది.

ఆస్పర్‌జిల్లస్ ఫ్యూమిగేటస్ అనే బూజు గింజలను (స్పోర్లను) మీరు, నేను రోజూ వందల్లో పీలుస్తున్నాం. రెండు మూడు మైక్రాన్లు ఉంటాయి, ఊపిరితిత్తుల అట్టడుగు గదుల దాకా వెళతాయి. మరి మనకేమీ కావడం లేదు, ఊపిరితిత్తులు నిత్యం వాచిపోయి కూడా లేవు. ఎందుకని? గింజ చుట్టూ నీరు అంటని ప్రోటీను పొర ఒకటి ఉంటుంది, దాని పేరు రోడ్‌ఎ. ఆ పొర ఉన్నంతసేపు రక్షక కణాలు దాన్ని దుమ్ము కింద జమకడతాయని 2009లో చూపారు. గింజ ఉబ్బి మొలకెత్తినప్పుడు ఆ పొర చిట్లి గ్లూకాన్ కనబడుతుంది, అప్పుడు న్యూట్రోఫిల్‌లు అనే తెల్లకణాలు వచ్చి పడతాయి. ఆలోచిస్తే ఇది ఫంగస్‌కు ఎంత లాభమో మనకూ అంతే లాభం. పీల్చిన ప్రతి గింజకూ యుద్ధం ప్రకటిస్తే ఊపిరితిత్తులు వారం నిలవవు. కీమోథెరపీతో న్యూట్రోఫిల్‌లు పడిపోయిన రోగికి మాత్రం ఈ ఏర్పాటు బెడిసికొడుతుంది. మొలక పోగుగా సాగాక ఏ కణమూ దాన్ని మింగలేదు, చుట్టూ మూగి బయటి నుంచే కాల్చాలి. మూగేవాళ్లే లేరు.

హిస్టోప్లాస్మా మాక్రోఫేజ్ లోపలే కాపురం ఉండే రకం. ఆమ్లం ఎక్కకుండా సంచిని దాదాపు తటస్థంగా ఉంచుకుంటుంది, బీటా గ్లూకాన్ మీద ఆల్ఫా గ్లూకాన్ దుప్పటి కప్పుకుంటుంది. ఎముక మజ్జ స్లయిడులో ఒక మాక్రోఫేజ్ నిండా గసగసాలు పోసినట్టు కనబడితే దీన్ని అనుమానించాలి. మన దేశంలో పశ్చిమ బెంగాల్ వైపు ఎక్కువ, కానీ ఇక్కడా కనబడుతుంది. దీని పేరులో ఒక తమాషా ఉంది. పనామా కాలువ తవ్వుతున్న రోజుల్లో, 1905 చివర్లో, అక్కడ పనిచేస్తున్న శామ్యూల్ డార్లింగ్ శవపరీక్షలో దీన్ని చూసి, చుట్టూ తొడుగు ఉందనుకుని క్యాప్స్యులేటమ్ అన్నాడు. తొడుగు లేదు, రంగు వేసేటప్పుడు కణం ముడుచుకుని ఏర్పడిన ఖాళీ అది. తొడుగు లేనిదానికి ఆ పేరు స్థిరపడిపోయింది.

నాలుగోది మీరు స్కూల్లో ఉన్నప్పుడు టీవీలో విన్న "బ్లాక్ ఫంగస్". 2021 మే, జూన్ నెలలు నేను మరచిపోలేను. ముక్కులోంచి తీసిన నల్లటి పెచ్చులు చిన్న సీసాల్లో వస్తూనే ఉండేవి. పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్కలో నానబెట్టి చూస్తే, నీళ్లలో నానిన కాగితపు పట్టీల్లా వెడల్పాటి పోగులు, అడ్డుగోడలు లేకుండా, మడతలు పడి. చూడగానే ఫోను చేసేవాళ్లం, రిపోర్టు టైపు అయ్యేదాకా ఆగేవాళ్లం కాదు. ఆ మే నెలలోనే తెలంగాణలో దాన్ని తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలపాల్సిన జబ్బుగా ప్రకటించారు, ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీలో చేర్చారు. ఆ ఫంగస్ కొత్తగా తెలివి మీరిందా? లేదు. మామూలు రోజుల్లో మన ఒళ్లు ఇనుమును ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రోటీనుకు కట్టేసి దాచుకుంటుంది. షుగరు అదుపు తప్పి రక్తం ఆమ్లంగా మారితే ఆ కట్టు వదులవుతుంది, ఇనుము ఫంగస్ నోటికి అందుతుంది. అదే సమయంలో రక్తనాళాల లోపలి కణాల మీద ఒక గ్రాహకం పెరిగి, ఫంగస్‌కు పట్టుకొమ్మ అవుతుంది. షుగరూ స్టెరాయిడ్లూ కలిసి న్యూట్రోఫిల్‌లనూ మాక్రోఫేజ్‌లనూ నిద్రపుచ్చుతాయి. తలుపులు తెరిచింది మనం.

అందుకే నా అభిప్రాయం ఇది. ఫంగస్ విద్యల జాబితా ఎంత పొడవైనా, మంచం మీద ఉన్న రోగి విషయంలో మొదటి ప్రశ్న "ఇది ఏ ఎత్తు వేసింది" అని కాదు, "ఈయనలో కావలి ఎక్కడ తెగింది" అని ఉండాలి. సీడీ4 తగ్గితే క్రిప్టోకోకస్, హిస్టోప్లాస్మా. న్యూట్రోఫిల్ తగ్గితే ఆస్పర్‌జిల్లస్. షుగరు, స్టెరాయిడ్లు అయితే మ్యూకర్, అంటే ఆ బ్లాక్ ఫంగస్. రక్తనాళంలో గొట్టం, పొట్ట ఆపరేషను, రకరకాల యాంటీబయాటిక్‌లు అయితే క్యాండిడా. ఈ లెక్క తప్పే రోగులూ ఉంటారు, ఏ లోపమూ దొరకని క్రిప్టోకోకస్ రోగులను నేనే చూశాను. అయినా పదింట ఎక్కువసార్లు పనికొస్తుంది.

మీరు వార్డులో చూడబోయే రెండు విషయాలు కూడా ఈ కథలోవే.

ఒకటి, మీ రోగికి మళ్లీ మళ్లీ వెన్నులోంచి నీరు తీస్తారు. ఇంటివాళ్లు "ఇన్నిసార్లు సూది వేస్తే నడుము పడిపోతుంది" అని గొడవపడతారు. వాళ్లకు మీరే చెప్పాలి: ఫంగస్ వదిలిన ఆ జిగురు, ఈస్టులతో కలిసి, వెన్నునీరు తిరిగి రక్తంలోకి ఇంకే దారుల్ని మూసేస్తుంది. తలలో ఒత్తిడి పెరుగుతుంది, చూపు పోవచ్చు, ప్రాణమూ పోవచ్చు. నీరు తీయడం పరీక్ష కోసం మాత్రమే అనుకోకండి, ఇక్కడ అది వైద్యం.

రెండోది, మెదడు ఇన్ఫెక్షన్‌కు వైద్యం మొదలైన వెంటనే హెచ్‌ఐవీ మందులు మొదలుపెట్టరు, నాలుగు నుంచి ఆరు వారాలు ఆగుతారు. ఆలస్యం చేస్తున్నారని మీకు కోపం రావచ్చు. సీడీ4 కణాలు కోలుకోగానే నిద్రలేచిన మాక్రోఫేజ్‌లన్నీ ఒక్కసారిగా అగస్త్యులవుతాయి. అప్పటికి మెదడు నిండా ఫంగస్ ఉంటే, ఆ జీర్ణం చేసే మంట పుర్రె లోపల రేగుతుంది, అక్కడ వాపుకు చోటు లేదు. ముందు ఆంఫోటెరిసిన్, ఫ్లూసైటోసిన్ అనే ఫంగస్ మందులతో సరుకు తగ్గించి, ఆ తర్వాత కావలివాళ్లను లేపడం క్షేమం.

ఫంగస్‌కు రక్ష అయిన ఆ తొడుగే దాన్ని పట్టించే ఆధారం కూడా. రక్తంలోకి ఊడిపడే జిగురును కాగితపు పట్టీ పరీక్ష పది నిమిషాల్లో పట్టేస్తుంది, తలనొప్పి మొదలవడానికి వారాల ముందే. సీడీ4 వందలోపు ఉన్న ప్రతి హెచ్‌ఐవీ రోగికీ ఈ పరీక్ష చేయాలి. మా ఇండియా ఇంకు కంటే ఇది నమ్మకమైనది, ఇంకులో ఏమీ కనబడలేదంటే జబ్బు లేదని అర్థం కాదు. ఇంకు మీద నాకు ఎంత మమకారం ఉన్నా ఈ మాట ఒప్పుకోక తప్పదు.

ఒక హెచ్చరిక. నేను చెప్పినవాటిలో వరదగుడి, జెర్మ్ ట్యూబ్, గోధుమరంగు కాలనీలు కంటితో చూసేవి. కణం లోపలి సంగతులు చాలావరకు గాజు పళ్లెంలోనూ ఎలుకల్లోనూ తేల్చినవి. మనిషిలో వాటి పాళ్లు వేరుగా ఉండవచ్చు. పరీక్షలో రాసేటప్పుడు ఎలాగూ తప్పదు గానీ, మనసులో ఆ తేడా ఉంచుకోండి. అలాగే "రోగనిరోధక శక్తి పెంచే" పొడులు, కషాయాలు తెచ్చి రోగి తలగడ కింద పెట్టే బంధువులు వస్తారు. సీడీ4 కణం చేసే పనిని ఏ పొడీ చేయదు. ఇంటర్‌ఫెరాన్ గామానే ఇంజెక్షనుగా ఇచ్చి చూసిన పరిశోధనలో వెన్నునీటిలోని ఫంగస్ త్వరగా తగ్గింది, అయినా అది నేటికీ రోజువారీ వైద్యంలోకి రాలేదు.

ఇక మీ భయం. క్రిప్టోకోకస్ మనిషి నుంచి మనిషికి గాలి ద్వారానో తాకితేనో రాదు. ఆ రోగి పక్కన కూర్చున్నా, తుడిచినా, అన్నం తినిపించినా మీకేమీ కాదు. సూదులు, రక్తం విషయంలో అందరి దగ్గరా తీసుకునే జాగ్రత్తే ఇక్కడా. నిజానికి దాన్ని మీరు ఎప్పుడో పీల్చే ఉంటారు. పావురాలు వాలే బాల్కనీ ఊడ్చినప్పుడో, పాత భవనం మెట్ల కింద దుమ్ము దులిపినప్పుడో. మీ ఊపిరితిత్తుల్లోని మాక్రోఫేజ్‌లు వాటిని మింగేశాయి. చాలావాటిని అరిగించుకున్నాయి, ఒకటీ అరా మిగిలితే చుట్టూ గోడ కట్టి కూర్చోబెట్టాయి. మీ సీడీ4 కణాలు రోజూ కబురు పంపుతున్నంతకాలం ఆ గోడ నిలుస్తుంది. వీలైతే రేపు మీ ఆసుపత్రి ల్యాబుకు వెళ్లి, మీ రోగి స్లయిడు ఇంకా ఎండిపోకుండా ఉంటే ఒకసారి చూపించమని అడగండి. వెలుతురు బాగా తగ్గించమని చెప్పడం మరవకండి.